దిగనివాడు దిగిన వేసవి

ఆ వేసవిలో భూమికి ఎనభై ఆరు మీటర్ల ఎత్తున నాకొక రాజ్యం ఉండేది. దాని విస్తీర్ణం నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఎల్లలు నాలుగు దిక్కులా అద్దాలు. సింహాసనం ఒక స్పాంజి కుర్చీ, దానికి చెరో పక్కనా ఒక మీట. ఎడమ మీట కదిలిస్తే అరవై మీటర్ల ఇనుప బాహువు ఊరినంతటినీ దీవిస్తున్నట్టు తిరిగేది. కుడి మీట కదిలిస్తే టన్నులకొద్దీ కాంక్రీటు నోరెత్తకుండా లేచి వచ్చేది. ఇరవై రెండంతస్తుల ఆఫీసు భవనం కడుతున్నాం. నేను దానికి టవర్ క్రేన్ ఆపరేటర్ని. వయసు ముప్ఫై మూడు.

రాజ్యం ఉన్నాక బిరుదు ఉండాలి గదా. నా బిరుదు ‘దిగనివాడు’. ఉదయం ఏడింటికి నిచ్చెన ఎక్కితే పన్నెండున్నరకు భోజనానికి దిగేవాణ్ణి. ఒకటిన్నరకు ఎక్కితే ఆరింటికి. నడుమ దిగిన చరిత్ర లేదు. దిగడానికి ఎనిమిది నిమిషాలు, ఎక్కడానికి పన్నెండు. ఆ ఇరవై నిమిషాలూ కింద అరవై మంది చేతులు కట్టుకుని ఆకాశం వంక చూడవలసి వస్తుంది. మా ఇంజనీరు భవనం తాలూకు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చినప్పుడల్లా, స్తంభాలూ స్లాబులూ చూపించాక నన్ను కూడా వేలెత్తి చూపించేవాడు.

“అదిగో, మావాడు. మధ్యాహ్నం దాకా దిగడు.”

పెద్దమనుషులు తలలు పైకెత్తేవారు. నేను వినయంగా బాహువును కొద్దిగా తిప్పేవాణ్ణి.

పక్క స్థలంలో ముప్ఫై అయిదంతస్తుల భవనానికి పునాదులు తవ్వుతున్నారు. దానికోసం కంపెనీ కొత్త క్రేన్ తెప్పిస్తోంది. మా కంపెనీ అంతవరకు కొన్న క్రేన్లన్నీ దాని ముందు కొక్కేలు. ఆ కుర్చీకి అర్హులం ఇద్దరం. ఒకణ్ణి నేను. రెండోవాడు మా సైట్లోనే పొట్టి క్రేన్ నడిపే ఆరడుగుల మనిషి. అతణ్ణి అందరూ ‘చిన్నక్రేన్’ అనేవారు. ఇంజనీరు ఒకనాడు నన్ను పక్కకు పిలిచి, “వేసవి అయ్యేలోగా పేరు పంపాలి. మీరు ఇలాగే దిగకుండా ఉండండి చాలు, కుర్చీ మీదే,” అన్నాడు. ఆ మాటతో నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. క్యాబిన్‌లో అంత చోటు లేదు.

దిగకుండా ఉండడంలోని రహస్యం చాలా సులభం: నీళ్ళు తాగకపోవడం. నాకు పని నేర్పిన పెద్దాయన చేసిన మొదటి ఉపదేశం అదే. నడినెత్తిన సూర్యుడు, చుట్టూ అద్దాలు, నాలుక అట్ట ముక్క. అయినా నేను గుక్కెడు నీళ్ళు ముట్టేవాణ్ణి కాను. కొందరు ఆపరేటర్లు క్యాబిన్‌లో ఖాళీ సీసాను ఆశ్రయిస్తారు. వారిని నేను జాలిగా చూసేవాణ్ణి. నాది సీసా అండ కూడా లేని ఘనత.

వేసవి రెండో వారంలో ఆ ఘనత మీద తిరుగుబాటు లేచింది.

మొదట మంట. తరువాత తొందర: వెళ్ళకపోతే ప్రాణం పోతుందనిపించేది, వెళితే నాలుగు చుక్కలు. అవి కూడా బతిమాలించుకుని వచ్చేవి. వచ్చి మంచం మీద వాలేసరికి మళ్ళీ పిలుపు. కూర్చుంటే సరిగ్గా కింద ఎవరో గోలీకాయ ఒకటి పెట్టి మరిచిపోయినట్టుండేది. మూడు టన్నుల ఇనుమును గుడ్డు దించినంత మెత్తగా దించగలవాణ్ణి; నా సొంత చుక్కల మీద నాకు అధికారం లేకపోయింది.

ఇంట్లో మేం ముగ్గురం. నేను, మా ఆవిడ, మా మామగారు. బాత్రూం మాత్రం ఒకటే. మామగారు నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసి, ప్రస్తుతం విశ్రాంతిలో ఉన్నారు. ఆరేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్నా మా ఇద్దరి మాటలూ రాయబారం ద్వారానే నడిచేవి. “అల్లుడుగారికి ఫ్యాన్ ఎక్కువైందేమో కనుక్కో,” అని ఆయన కూతురితో అనేవారు. “మామగారు పేపరు చదివేశారేమో అడుగు,” అని నేను భార్యతో అనేవాణ్ణి. ఇద్దరం ఎదురుబొదురుగా, మూడడుగుల దూరంలోనే కూర్చుని ఉండేవాళ్ళం.

బాత్రూం మీద మామగారికి, అరవై తొమ్మిదేళ్ళ వయసు రీత్యా, కొన్ని ప్రత్యేక హక్కులుండేవి. వాటికి నేను హఠాత్తుగా పోటీ వచ్చాను. ఒక ఉదయం పావుగంటలో మూడుసార్లు ఆ గుమ్మం దగ్గర ఎదురుపడ్డాం. మూడోసారి ఆయన గోడగడియారం వంక చూసి, చరిత్రలో మొదటిసారిగా రాయబారి లేకుండా నాతో మాట్లాడారు.

“అల్లుడుగారూ, ఒంట్లో ఎలా ఉంది?”

“కడుపు కాస్త బాగాలేదండి.”

“కడుపైతే లోపల ఎక్కువసేపుంటారు. మీరు వెళ్ళినంత వేగంగా వచ్చేస్తున్నారు. ఇది కడుపు కాదు.”

చప్పుడు విని యంత్రంలో లోపం చెప్పడం ఆయన వృత్తి అన్న సంగతి నేను మరిచిపోయాను. సమాధానం చెప్పకుండా చొక్కా తొడుక్కుని పనికి పారిపోయాను.

మా ఆవిడ మా వీధి చివరి మందుల షాపులో కౌంటర్ మీద పనిచేస్తుంది. అందువల్ల ఆ షాపుకు వెళ్ళడం కుదరదు. దాని పక్క షాపుకు వెళ్ళడమూ కుదరదు. రెండు బస్సులు మారి, నన్ను కన్న తల్లి కూడా గుర్తుపట్టని పేటలో ఒక షాపు చూసుకుని, కౌంటర్ మీదికి వంగి అడిగాను.

“నా స్నేహితుడొకడున్నాడండి. పాపం, వాడికి...”

షాపాయన నన్నొక్క చూపు చూసి మళ్ళీ తల వంచుకున్నాడు. “మంటా? తొందరా? రెండూనా?”

“రెండూ. వాడికే.”

“డాక్టర్ చీటీ లేనిదే మందివ్వనండి. మీ స్నేహితుణ్ణి డాక్టర్‌కి చూపించండి.”

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. ముఖంలో కోపం లేదు. అది ఇంకా ప్రమాదం.

“మీ స్నేహితుడికి ఎలా ఉంది?”

“ఏ స్నేహితుడు?” అన్నాను చెప్పులు విప్పుతూ.

“ఆ షాపాయన మా ఓనర్ తమ్ముడు. మన పెళ్ళికి వచ్చాడు. మీ పక్కన నిలబడి ఫోటో కూడా దిగాడు.” ఆమె నా చేతిలో సంచీ అందుకుంది. “రోజుకి ముగ్గురొస్తారండి మీలాంటివాళ్ళు. ఒక్కడికీ జబ్బుండదు. జబ్బులన్నీ స్నేహితులకే. ఆ స్నేహితుడెవరో గానీ, పాపం, వాడి ఒళ్ళు పుచ్చిపోయుండాలి.”

నేను నవ్వబోయి, నవ్వితే వచ్చే నొప్పికి ఆగిపోయాను. ఆమె కూడా ఆగిపోయింది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“మూడు వారాలు.”

“రేపు సెలవు పెట్టండి.”

“సెలవు పెడితే ఆ కొత్త క్రేన్—”

“రేపు,” అంది.

లోపలి గదిలోంచి మామగారి గొంతు వినిపించింది. “నేనూ వస్తానమ్మా. దారి తెలిసినవాడొకడు తోడుండడం మంచిది.”

ఆయనకు ఆ దారి ఎలా తెలుసునో మేం అడగలేదు.

డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. పరీక్షలు రాసింది, అవి చూసింది, బల్ల మీద పడుకోబెట్టి చెయ్యవలసిన పరీక్ష కూడా చేసింది. ఆ రెండు నిమిషాలూ నేను రాజ్యం, బిరుదు, వంశప్రతిష్ఠ అన్నీ పైకప్పుకు తగిలించి కళ్ళు మూసుకున్నాను. తరువాత ఆమె కాగితం మీద బొమ్మ గీసింది.

“ఇది మూత్రాశయం. దీని కింద, మార్గం చుట్టూ ఉండే చిన్న గ్రంథి ఇది. ప్రోస్టేట్. మీది వాచింది. ఇన్ఫెక్షన్ కూడా ఉంది.”

“అది ముసలివాళ్ళ జబ్బు కదండీ!”

“వయసు మీదపడ్డాక పెరగడం వేరు. మీ వయసులో వాపు రావడం వేరు. ఇది కుర్రవాళ్ళకీ బాగానే వస్తుంది, చెప్పుకోరు, అంతే. భయపడకండి, క్యాన్సర్ కాదు. తగ్గుతుంది. రోజుకి ఎంతసేపు కూర్చుంటారు?”

“ఏడు నుంచి పన్నెండున్నర. ఒకటిన్నర నుంచి ఆరు.”

“మధ్యలో?”

“మధ్యలో దిగనండి,” అన్నాను. ఎంత అణచుకున్నా గొంతులో గర్వం పలికింది.

“నీళ్ళు?”

“ముట్టనండి.”

ఆమె ఆ రెండు వాక్యాలనూ శ్రద్ధగా రాసుకుంది. తొంగి చూశాను. నా బిరుదు రోగలక్షణాల పట్టికలో చేరింది.

నాలుగు వారాలు మాత్రలు. రోజుకు రెండుసార్లు, టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని పావుగంట కూర్చోవడం. నీళ్ళు బాగా తాగడం, రెండు మూడు గంటలకోసారి తప్పకుండా వెళ్ళడం, బిగబట్టకపోవడం, అప్పుడప్పుడు లేచి నడవడం. ఇంతా చెప్పి ఆమె కలం మూసేవేళకు మామగారు కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు.

“అమ్మా, మా స్నేహితుడొకాయనున్నారు. నా ఈడువాడే. ఆయనకు ధార సన్నబడి...”

మా ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు. “ఆ స్నేహితుణ్ణి బల్ల మీద పడుకోమనండి,” అంది.

బయటికి వచ్చేటప్పుడు ఆయన చేతిలో కూడా చీటీ ఉంది. ఆయనది వయసు తెచ్చిన పెరుగుదల. రాత్రిపూట వేసుకోవలసిన ఒక మాత్ర. ఆరేళ్ళుగా దాచుకున్నారట. బస్సు కోసం నిలబడినప్పుడు ఆయన ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, రోడ్డు వంక చూస్తూ అన్నారు.

“ఏమోయ్ అల్లుడూ, ఆస్తి పంచకముందే నా జబ్బు లాగేసుకున్నావే!”

“ఆస్తి ఏముంది మామయ్యా, అన్నీ ఆగిపోయిన గడియారాలే కదా.”

మా ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు ఆరేళ్ళుగా ఉన్న రాయబారి ఉద్యోగం ఆ బస్‌స్టాపులో ఊడిపోయింది. ఆమె ఏమాత్రం విచారించలేదు.

అటుపైన మా ఇంట్లో ఒక వైభవం మొదలైంది. ఎర్రటి ప్లాస్టిక్ టబ్బు ఒకటి వచ్చింది. మామగారు ముంజేతితో నీటి వేడి చూసేవారు. నేను అందులో ఆసీనుణ్ణయ్యాక తలుపు బయట కుర్చీ వేసుకుని చేతిగడియారం పట్టుకునేవారు. “పదమూడు నిమిషాలు. ఇంకా రెండున్నాయి. లేవకు!” అని హెచ్చరించేవారు. సాయంత్రం ఇద్దరం నడకకు వెళ్ళేవాళ్ళం. ఏ ధార ఎలా ఉన్నదో ఒకరికొకరం వాతావరణ వార్తల్లా చెప్పుకునేవాళ్ళం. వారం తిరిగేసరికి మంట సగానికి తగ్గింది.

ఇంతవరకు చెప్పినది చదివి నన్ను బుద్ధిమంతుడని అనుకోవద్దు. టబ్బు నిజం, మాత్రలు నిజం, నడక నిజం. కాని నేను క్రేన్ మాత్రం దిగలేదు. ఇంట్లో ఉన్నంతసేపూ చెంబులకొద్దీ తాగి, నిచ్చెన మొదటి మెట్టు దగ్గర మళ్ళీ దిగనివాణ్ణయ్యేవాణ్ణి. మా ఆవిడ సాయంత్రం అడిగేది: “దిగారా?” నేను అనేవాణ్ణి: “రెండుసార్లు.” ముప్ఫై అయిదంతస్తుల కుర్చీ కళ్ళముందు తిరుగుతున్నప్పుడు మనిషికి అబద్ధం ఎంత తేలికగా వస్తుందో! మూడో వారానికి గోలీకాయ తిరిగి వచ్చింది. ఈసారి కాస్త పెద్దది.

ఇక్కడ మా వృత్తిలోని ఒక చిన్న ఏర్పాటు చెప్పాలి. క్యాబిన్‌లో వాకీటాకీ ఉంటుంది. మాట్లాడాలంటే మీట నొక్కి పట్టుకోవాలి. రెండు చేతులూ క్రేన్ మీటల మీద ఉండే మనిషి మూడో చెయ్యి ఎక్కడి నుంచి తెస్తాడు? కనుక ఆ మీట మీద ఒక రబ్బరు బ్యాండు చుట్టేస్తాం. బరువు దించాక బ్యాండు తీసెయ్యాలి. తియ్యకపోతే మన క్యాబిన్‌లో మాటలన్నీ సైట్ అంతా వినిపిస్తాయి. అంతేకాదు, మన గొంతు ఛానల్‌ను ఆక్రమించినంతసేపూ ఇంకెవరూ నోరు విప్పలేరు.

ఆ రోజు పదిగంటలకు ఒక ఇనుపకట్ట దించాను. కాంక్రీటు లారీ రావడానికి ఇంకా టైముంది. కొక్కెం ఖాళీగా వేలాడుతోంది. ఫోను మోగింది.

“ఏం చేస్తున్నారు?” మా ఆవిడ.

“ఏముంది, ఇప్పుడే దిగి వచ్చి—”

“మీ జెండా ఆయన తలనొప్పి మాత్రలకి వచ్చాడు పొద్దున. ‘మావాడు ఈ వేసవంతా ఒక్కసారి కూడా మధ్యలో దిగలేదు వదినా’ అని ఎంత పొంగిపోయాడో!”

జెండా అంటే కింద నిలబడి ఎర్ర, పచ్చ జెండాలతో నాకు దారి చూపే సిగ్నల్ మనిషి.

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

“జబ్బు దాచారు, సర్లే సిగ్గు అనుకున్నా. రోజూ నా మొహం చూసి దిగానని ఎలా చెప్పారండీ?”

ఇక ఏ రాజ్యం దాచుకునేది? అన్నీ చెప్పేశాను. “మంట మళ్ళీ మొదలైంది. కూర్చోలేకపోతున్నా. వెళితే చుక్కలు. ముప్ఫై మూడేళ్ళకే ఈ ప్రోస్టేట్ ఏమిటని ఏడుపొస్తోంది. టబ్బులో కూర్చున్నంతసేపే హాయి. కానీ నేను దిగితే ఆ చిన్నక్రేన్‌గాడు కుర్చీ ఎగరేసుకుపోతాడు! వాడేమన్నా ఘనుడా? వాడు సీసా పెట్టుకుంటాడు, నేను కళ్ళారా చూశాను!”

కిందికి చూస్తే జెండా రెండు జెండాలూ తల మీదుగా ఊపుతూ గెంతుతున్నాడు. నేనూ అభిమానంగా చెయ్యి ఊపాను.

“నాకు ముప్ఫై అయిదో అంతస్తులో కూర్చునే మొగుడక్కర్లేదు,” అంది మా ఆవిడ. “నా పక్కన కూర్చుని ఒక సినిమా పూర్తిగా చూసే మొగుడు చాలు. మొన్న ఇంటర్వెల్ దాకా నిలబడే చూశారు.”

“సరే,” అన్నాను. “దిగుతున్నా.”

ఫోను పెట్టేశాను. అప్పుడు కనిపించింది, వాకీటాకీ నడుముకు బిగుసుకుని ఉన్న రబ్బరు బ్యాండు.

తీశాను. తరువాత చిన్నక్రేన్ గొంతు వచ్చింది, నెమ్మదిగా.

“అన్నా, సీసా సంగతి అందరికీ చెప్పాలా?”

“తప్పైందిరా.”

“పర్లేదు. ఆ టబ్బు ఎంత సైజుది?”

వెంటనే కాంక్రీటు పంపు నడిపేవాడు అందుకున్నాడు. “నాకు రెండు నెలల్నించి మంటగా ఉందన్నా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.”

“ఊరందరికీ చెప్పావుగా ఇప్పుడు,” అన్నాడు జెండా. “ఆ డాక్టర్ అడ్రస్ కాస్త మెల్లగా చెప్పన్నా, రాసుకుంటా. నాక్కాదు, నా స్నేహి—”

ఛానల్ అంతా నవ్వుతో గరగరలాడింది. దాన్ని చీల్చుకుంటూ ఇంజనీరు గొంతు.

“ఛానల్ వదలండి! లారీ వచ్చింది. బకెట్ ఎవరెత్తుతారు?”

“నేనే సార్,” అన్నాను. “ఇరవై నిమిషాల్లో. ఇప్పుడు దిగుతున్నాను.”

ఎనిమిది నిమిషాలు. ఒక్కొక్క మెట్టూ దిగుతూ ఉంటే అరవై తలలు నాతోపాటు కిందికి దిగాయి. అవతల చిన్నక్రేన్ కూడా తన నిచ్చెన దిగుతున్నాడు. నేల మీద ఇంజనీరు దారికడ్డంగా నిలబడి ఉన్నాడు.

“కొత్త క్రేన్ సంగతి నేను మళ్ళీ ఆలోచించుకోవాలి,” అన్నాడు.

“ఆలోచించుకోండి సార్. ముందు కాస్త దారివ్వండి.”

దారిచ్చాడు. ఆ రోజు నుంచి ఉదయం పదికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి నేను దిగాను. చేతిలో నీళ్ళ సీసాతో ఎక్కాను. మా ఆవిడ షాపుకు ఆ వారంలో మా సైట్ మగవాళ్ళు నలుగురు డాక్టర్ చీటీలు పట్టుకుని వచ్చారట. “నలుగురూ తమకే అని చెప్పారండీ! మా ఓనర్ నమ్మలేకపోయాడు,” అని ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నేను పక్కనే కూర్చుని నవ్వాను. ఎక్కడా నొప్పి లేదు. మామగారు లోపలినుంచి, “ఏమిటోయ్ అంత నవ్వు? నాకూ చెప్పండి!” అని కేకేశారు.

ఇంజనీరు మాత్రం పది రోజులు నాతో పని మాట తప్ప మరో మాట మాట్లాడలేదు. పదకొండో రోజు ఉదయం లారీ మీద ఒక నీలిరంగు ఫైబర్ గది వచ్చింది. మనిషి నిలువెత్తు, ఒక తలుపు, తలుపుకు గడియ, లోపల ఒక తొట్టి. జెండా దానికి నాలుగు గొలుసులు తగిలించి పచ్చజెండా ఊపాడు.

“పద్దెనిమిదో అంతస్తుకన్నా! క్రేన్ నుంచి స్లాబ్ మీదికి వేసిన వంతెన పక్కనే! సార్ ఆర్డర్!”

నా జీవితంలో ఎన్నో ఎత్తాను. అంత భక్తితో ఏదీ ఎత్తలేదు. మరుగుదొడ్డి మెల్లగా భూమిని వదిలింది. గుంజలు దాటింది, పావురాలను దాటింది, ఎండలో నీలంగా మెరుస్తూ, ఒక మహారాణి పల్లకీలాగా నగరం మీదుగా అర్ధచంద్రాకారంలో ఊరేగింది. రోడ్డు మీద ఆటోలు ఆగాయి. గేటు దగ్గర మామగారు, ఎవరో పెట్టిన పసుపు హెల్మెట్‌తో, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. కింద అరవై మంది ఈలలు.

“ఇంకొంచెం అన్నా... ఇంకొంచెం... కూర్చుంది!”

పది గంటలకు నాలుగే అంతస్తులు దిగి, వంతెన దాటి పద్దెనిమిదో స్లాబ్ మీదికి వెళ్ళాను. అప్పటికే చిన్నక్రేన్, పంపువాడు, జెండా వరుసలో ఉన్నారు. వారి వెనక ఇంజనీరు, చంకలో చుట్టిన కాగితంతో. నన్ను చూసి దాన్ని ఒక సిమెంటు బస్తా మీద పరిచాడు. ముప్ఫై అయిదంతస్తుల భవనం నక్షా. జేబులోంచి పెన్సిల్ తీసి నాకిచ్చాడు.

“కొత్త క్రేన్ ఎక్కాక, దీంట్లో మీకు ఇలాంటి గది ఎన్నో అంతస్తులో కావాలి?”

పెన్సిల్ అందుకున్నాను. అక్షరాలు కాస్త అలికినట్టు కనిపించాయి. ఎండ వల్లనే కావచ్చు. తరువాత వంగి మూడు చోట్ల గుర్తు పెట్టాను.

“మూడా? ఒకటి చాలదూ?”

“ముప్ఫై అయిదంతస్తులు సార్.”

బేరం ఆడతాడనుకున్నాను. ఆడలేదు, కాళ్ళు మార్చి మార్చి నిలబడుతూ ఆ నీలిరంగు గది వంకే చూస్తున్నాడు. గది తలుపు అప్పుడే తెరుచుకుంది. వరుసలో ముందున్న ముగ్గురూ ఇంజనీరు ముఖం చూసి, ఆయనకు దారిచ్చి పక్కకు తప్పుకున్నారు.